తెలియదు, చూద్దాం: ఒక్క బంగాళాదుంపతో పిల్లలకు ఆరు ప్రయోగాలు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పొద్దున వేపుడు కోసం బంగాళాదుంపలు తరుగుతున్నాను. తను పక్కనే పీట వేసుకుని కూర్చుంది. తరిగిన ముక్కల్ని నీళ్లగిన్నెలో వేస్తుంటే ఒకటి జారి గట్టు మీద పడింది. కాసేపటికి దాన్ని వేలితో చూపిస్తూ, "నాన్నా, ఇదొక్కటే ఎందుకు రంగు మారింది?" అంది. "గాలి తగిలితే ఆక్సీకరణం జరుగుతుందమ్మా" అన్నాను. "ఓహో" అని లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ "ఓహో" నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ గిన్నెలో ఉన్న ముక్కలకు ఏమీ కాలేదనీ, బయట పడ్డదానికే ఏదో అయిందనీ ఆ పిల్ల తనంతట తానే పట్టుకుంది. ఎవరూ చెప్పకుండా రెండింటినీ పోల్చి చూసింది. శాస్త్రజ్ఞులు చేసే పని అదే. నేను ఒక్క పెద్ద మాట పడేసి ఆ వెతుకులాటను అక్కడితో ఆపేశాను. ఆ క్షణంలో నేను అనవలసింది రెండే మాటలు: "తెలియదు, చూద్దాం." ఈ అధ్యాయమంతా ఆ రెండు మాటల్ని మన ఇంట్లో అలవాటు చేసుకోవడం గురించే.

ముందు ఊహ, ఆ తర్వాతే జవాబు

పిల్లలకు ప్రయోగం చూపించాలనగానే మనకు ఇంద్రజాల ప్రదర్శన గుర్తొస్తుంది. పెద్దవాళ్లు చేస్తారు, పిల్లలు చప్పట్లు కొడతారు, చివర్లో ఒక వివరణ. దాంతో పిల్లలకు మిగిలేది ఆశ్చర్యం. ఆశ్చర్యం మంచిదే, కానీ అది మొదటి మెట్టు. తన ఊహను తానే పరీక్షకు పెట్టడం, అది తప్పని తేలితే చిన్నబుచ్చుకోకుండా మార్చుకోవడం, ఇవీ మనం అందించవలసిన గుణాలు. పొలంలోనైనా, ఆఫీసులోనైనా, సంసారంలోనైనా జీవితాంతం అక్కరకొచ్చే గుణాలివి.

అందుకు ఒక నోటుపుస్తకం చాలు. పేజీని నిలువుగా మూడు గళ్లు చేయించండి. మొదటి గడిలో "నేను అనుకున్నది", రెండో గడిలో "నేను చూసింది", మూడో గడిలో "ఇప్పుడు నాకొచ్చిన అనుమానం". ప్రయోగం మొదలుపెట్టక ముందే మొదటి గడి నిండాలి. ఊహ తప్పయినా కొట్టేయనివ్వకండి, రబ్బరుతో చెరపనివ్వకండి. మూడు గళ్లూ నిండేదాకా వివరణ మీ నోటి నుంచి రాకూడదు. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో కష్టమైనది ఇదే, అది మన వంతు.

దుంపే ఎందుకు?

కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో చాలాచోట్ల ఉర్లగడ్డ. పేరేదైనా ఏడాది పొడుగునా ప్రతి ఇంట్లో ఉంటుంది. చేతిలో ఇముడుతుంది, కింద పడితే పగలదు, నాలుగు రోజులు పక్కన పెట్టినా పాడవదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్ల కిందట సాగు మొదలై, పోర్చుగీసు వారి ఓడల్లో మన దేశానికి చేరిన పంట ఇది. దాదాపు 80 శాతం నీరు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థం. ఈ రెండు సంగతులూ ఇప్పుడే పిల్లలకు చెప్పకండి. కింది ప్రయోగాల్లో వాళ్లే కనిపెడతారు.

ప్రయోగాలను ఎదురుచూడవలసిన సమయాన్ని బట్టి పేర్చాను. మొదటివాటికి పది నిమిషాలు, చివరిదానికి మూడు వారాలు. పిల్లల ఓర్పు కూడా ఆ మెట్ల మీదే ఒక్కొక్క అడుగు ఎక్కుతుంది.

పది నిమిషాల్లో: మునిగే దుంప, తేలే దుంప

గాజుగ్లాసులో సగం దాకా నీళ్లు పోసి ఒక చిన్న దుంపముక్క వేయండి. మునుగుతుంది. "చెయ్యి పెట్టకుండా దీన్ని పైకి తేవాలంటే ఏం చేయాలి?" అని అడిగి ఊరుకోండి. పిల్లలు రకరకాలుగా ప్రయత్నిస్తారు. ఎవరికీ తట్టకపోతే ఉప్పుడబ్బా దగ్గరగా జరపండి. చెంచా చొప్పున వేసి కలుపుతూ, ఎన్నో చెంచాకు తేలుతుందో ముందే రాయమనండి. నీటికంటే దుంప బరువు కాస్తే ఎక్కువ కాబట్టి, లీటరు నీటికి సుమారు 150 గ్రాముల ఉప్పు పడేసరికి మామూలుగా తేలిపోతుంది.

ఇప్పుడు అదే గ్లాసులో చెంచా వీపు మీదుగా మంచినీళ్లు మెల్లగా, ధారగా పోయండి. దుంప పైకీ రాదు, అడుక్కీ పోదు, గ్లాసు మధ్యలో నిలబడుతుంది. కింద ఉప్పునీరు, పైన మంచినీరు, రెండింటి సరిహద్దులో దుంప. మీ ఊళ్లో వరి పండించే తాతలుంటే పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపండి. కోడిగుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, అందులో విత్తనాలు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగిన గట్టి గింజల్ని మంచినీళ్లతో కడిగి నారుమడికి వాడే పద్ధతి వాళ్లు చెబుతారు. గ్లాసులో చూసింది పొలంలో పనికొస్తోందని తెలిస్తే పిల్లల కళ్లు మెరుస్తాయి.

పది నిమిషాల్లో: నల్లబడే చుక్క

దెబ్బలకు రాసే పోవిడోన్ అయోడిన్ మందు మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది. దాన్ని కొంచెం నీళ్లలో కలిపి పలచన చేయండి. పళ్లెంలో వరసగా దుంపముక్క, నాలుగు అన్నం మెతుకులు, కీరదోస ముక్క, ఉల్లిపాయ ముక్క, చిటికెడు పంచదార పెట్టండి. ఏది రంగు మారుతుందో ఊహ రాయించి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క చుక్క వేయించండి. దుంప, అన్నం ముదురు నీలంగా, ఇంచుమించు నల్లగా మారతాయి. మిగతావి మందు రంగులోనే ఉండిపోతాయి. పిండిపదార్థం ఉన్నచోటే అయోడిన్ ఆ రంగుకు తిరుగుతుంది.

ఇక్కడితో ఆగకుండా ఇల్లంతా వెతకమనండి: గంజి, మైదా, పాలు, అరటికాయ, అరటిపండు. పచ్చి అరటికాయకూ బాగా మాగిన పండుకూ తేడా కనిపిస్తే, పిండి ఏమైపోయిందన్న అనుమానం మూడో గడిలోకి దానంతటదే వస్తుంది. పండు ఎందుకు తియ్యగా ఉంటుందో ఇక మీరు చెప్పనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: అయోడిన్ తగిలిన ఏ ముక్కా నోట్లోకి పోకూడదు, మందుసీసా పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఒక గంటలో: గట్టు మీద పడిన ముక్క

ఆ ఆదివారం నేను చేజార్చుకున్న ప్రయోగం ఇది. ఒకే దుంప నుంచి నాలుగు ముక్కలు కోయండి. ఒకటి పళ్లెంలో అలాగే వదిలేయండి. ఒకటి నీళ్లలో ముంచండి. ఒకదానికి నిమ్మరసం పట్టించండి. ఇంకోదాన్ని మూడు నాలుగు నిమిషాలు ఉడికించి తీసి, మొదటిదాని పక్కనే పెట్టండి. పావుగంటకోసారి చూసి రాయించండి. వదిలేసింది గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్ని రకాల దుంపలు ఆలస్యం చేస్తాయి కాబట్టి తొందరగా ఫలితం కావాలంటే తురిమి చూడండి.

ఉడికించిన ముక్క దగ్గర పిల్లలు ఆగుతారు. దానికీ గాలి తగిలింది కదా, మరి రంగు మారలేదేం? కోసినప్పుడు కణాలు తెగి, లోపలి ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో రంగు పదార్థాన్ని తయారుచేస్తుంది. నీళ్లలో ఉన్నదానికి గాలి సరిగా అందదు. నిమ్మ పులుపు ఎంజైమును మందగింపజేస్తుంది. ఉడికించడంతో అది పూర్తిగా పాడైపోతుంది. ఆ రోజు నేనన్న "గాలి" సగం జవాబేనని నాకూ ఈ నాలుగో ముక్కే చెప్పింది. వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేసే ప్రతి అమ్మకూ ఈ శాస్త్రం చేతుల్లో ఉంది. దాన్ని పిల్లలతో కలిసి మాటల్లోకి తేవడమే మనం చేసేది.

ఒక సాయంత్రంలో: దుంప బ్యాటరీ

పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. కావలసినవి: జింకు పూత ఉన్న జీఐ మేకులు, రాగి తీగ ముక్కలు, నాలుగు దుంపలు, క్లిప్పులున్న వైర్లు, ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, వీలైతే ఒక మల్టీమీటరు. పాత మోటారు వైండింగు తీగ వాడితే దానికి కంటికి కనపడని వార్నిషు పూత ఉంటుంది. గరుకు కాగితంతో బాగా రుద్ది తీసేయాలి.

ఒక్కో దుంపలో ఒక మేకు, ఒక రాగి తీగ గుచ్చండి. లోపల రెండూ ఒకదానికొకటి తగలకూడదు. మీటరు పెడితే ఒక్క దుంపకు సుమారు 0.8 లేదా 0.9 వోల్టు చూపిస్తుంది. ఇప్పుడు మొదటి దుంప రాగిని రెండోదాని మేకుకు, రెండోదాని రాగిని మూడోదాని మేకుకు, అలా వరసగా కలపండి. చివర మిగిలిన రాగికి ఎల్‌ఈడీ పొడుగు కాలు, మొదట మిగిలిన మేకుకు పొట్టి కాలు తగిలించండి. గదిలో లైటు తీసేసి చూడండి. నాలుగు దుంపలకు మసకగా వెలుగుతుంది. ఆ చిన్న వెలుగు కోసం పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

అయితే ప్రయోగం అసలు మొదలయ్యేది వెలుగు వచ్చాకే. "పెద్ద దుంపయితే ఎక్కువ వోల్టులు వస్తాయా?" అని అడగండి. మా అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా "వస్తాయి" అని రాసింది. పెద్ద దుంపకు మీటరు పెట్టాం. తర్వాత దాన్నే సగానికి కోసి, మేకూ తీగా మునుపటంత దూరంలోనే గుచ్చి మళ్లీ పెట్టాం. అంకె ఇంచుమించు కదల్లేదు. తను మీటరు వైపు, నా వైపు, మళ్లీ మీటరు వైపు చూసింది. తర్వాత తనకు తానే రెండు వైపులా మేకులే గుచ్చి చూసింది. ఆ అంకె సున్నా దగ్గరికి పడిపోయింది. "అయితే కరెంటు దుంపలో లేదు నాన్నా, మేకూ తీగా వేరువేరు అవడంలో ఉంది" అంది. నేను చెప్పి ఉంటే అది పాఠం అయ్యేది. తను చెప్పింది కాబట్టి అది తన సొంతమైంది.

నిజం కూడా అదే. శక్తి ఇస్తున్నది కరుగుతున్న జింకు. దుంప రసం దారి మాత్రమే. 1800లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా రెండు రకాల లోహపు బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి తొలి బ్యాటరీ చేశాడు. మీ పిల్లలు చేసింది దానికి తమ్ముడి లాంటిదే. ఇంకో ముచ్చట కూడా ఉంది. 2010లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం పరిశోధకులు దుంపను ఎనిమిది నిమిషాలు ఉడికిస్తే పచ్చిదానికంటే పది రెట్ల దాకా ఎక్కువ శక్తి తీయవచ్చని చూపించారు. ఉడికించిన దుంపతో ఎల్‌ఈడీ వెలుగు పెరుగుతుందో లేదో మీ ఇంట్లో పోల్చి చూడండి.

ఈ దుంపల్లోకి లోహం దిగి ఉంటుంది. కూరలో వేయకండి, పశువులకూ పెట్టకండి. ఇంట్లోని కరెంటు ప్లగ్గు జోలికి ఈ వైర్లు ఎప్పుడూ పోకూడదని మొదటే గట్టిగా చెప్పండి.

ఒక రాత్రిలో: మెత్తబడ్డ ముక్క

దుంపను చిటికెనవేలంత పొడుగు ముక్కలుగా, అన్నీ ఒకే కొలతలో కోయండి. బడి స్కేలుతో కొలిచి రాయించండి. ఒక గ్లాసులో మంచినీళ్లు, ఇంకోదాంట్లో రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపిన నీళ్లు. చెరి మూడు ముక్కలు వేసి పడుకోండి.

తెల్లారి వాటిని చేత్తో పట్టుకోవాలి. మంచినీళ్లలోది బిర్రుగా ఉంటుంది. వంచబోతే టప్పున విరుగుతుంది. కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఉండవచ్చు. ఉప్పునీళ్లలోది వడలి, వేలికి చుట్టుకునేంత మెత్తబడుతుంది, కాస్త కురచ అవుతుంది. రెండూ తడిసినవే. ఒకటి నీళ్లు తాగింది, ఇంకోటి నీళ్లలోనే ఉండి ఎండిపోయింది! కణాల చుట్టూ ఉండే పలచని పొర నీటిని సులువుగా పోనిస్తుంది, ఉప్పును అంత సులువుగా పోనివ్వదు. అందుకే నీరు చిక్కని ద్రావణం వైపు నడుస్తుంది. పై తరగతుల్లో దీన్ని ద్రవాభిసరణ అంటారు. ఆ మాట ఇప్పుడే అక్కర్లేదు. చేతికి తెలిసిన సంగతికి పేరు తర్వాత పెట్టుకోవచ్చు.

ఆ పొద్దున మా అమ్మాయి మూడో గడిలో రాసింది: "పంచదార నీళ్లలో వేస్తే?" నేనెప్పుడూ చేసి చూడలేదు. "తెలియదు, చూద్దాం" అన్నాను. ఈసారి ఆ మాట పద్ధతి కోసం అన్నది కాదు, నిజంగానే అన్నది. ఆ తేడా పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ రాత్రి చిక్కటి పంచదార పాకంలాంటి నీళ్లు కలిపాం. మర్నాడు ఇద్దరం పళ్లు తోముకోక ముందే గ్లాసు దగ్గరికి వెళ్లాం. ముక్క మెత్తబడి ఉంది.

ఆ ఎండాకాలం మా అమ్మ మాగాయకు మామిడి ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టింది. మూడో రోజు మూత తీసి "ఊట బాగా దిగింది" అంది. మనవరాలు తొంగిచూసి, "నీళ్లు ఉప్పు వైపొచ్చాయి నానమ్మా" అంది. ఇద్దరూ చెప్పింది ఒకే మాట.

మూడు వారాల్లో: వెలుగు వెతికే మొలక

దుంపకున్న కళ్లు నిజానికి మొగ్గలు. చిలగడదుంప వేరు, బంగాళాదుంప మాత్రం భూమిలో ఊరిన కాండం. మొలక కనిపిస్తున్న దుంపను చెప్పుల అట్టపెట్టెలో ఒక మూల తడిమట్టి డబ్బాలో పెట్టండి. మధ్యలో అట్టముక్కలతో రెండు అడ్డుగోడలు కట్టి, ఒక్కోదానికి ఒక్కో పక్క సందు వదలండి. రెండో చివర రూపాయి బిళ్లంత కన్నం పెట్టి, మూత వేసి కిటికీ దగ్గర ఉంచండి. వారానికి రెండుసార్లు మాత్రమే తెరిచి, తడి చూసి, మొలక బొమ్మ గీయమనండి. పాలిపోయిన మొలక గోడలు చుట్టుకుంటూ కన్నం వైపే పోతుంది. మూత తీసి చూడాలన్న ఆత్రాన్ని అదుపులో పెట్టుకోవడం పిల్లలకు ఇందులో దొరికే రెండో చదువు. పచ్చబడిన, మొలకలెత్తిన దుంపల్లో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. అవి వంటకు పనికిరావని కూడా ఈ సందర్భంలోనే చెప్పండి.

అనుకున్నట్టు జరగకపోతే

జరగని రోజు వస్తుంది. ఎల్‌ఈడీ వెలగదు, మొలక కుళ్లిపోతుంది. అప్పుడు పిల్లల చేతిలోంచి లాక్కుని మీరు బాగుచేయకండి. "ఒకేసారి ఒక్కటే మార్చి చూద్దాం" అనండి. ఎల్‌ఈడీ కాళ్లు తిప్పి చూడటం, తీగను మళ్లీ రుద్దడం, ఇంకో దుంప కలపడం, ఏది మార్చారో రాయడం. ఒకేసారి అన్నీ మారిస్తే వెలిగినా ఎందుకు వెలిగిందో తెలియదు. ఈ ఒక్క క్రమశిక్షణ వచ్చిన పిల్ల లెక్కలో తప్పు వచ్చినా, స్నేహంలో పొరపొచ్చం వచ్చినా కుంగిపోదు. ఎక్కడ తేడా వచ్చిందో నిదానంగా వెతుక్కుంటుంది.

ఈ వారం ఆచరణ

1. మూడు గళ్ల నోటుపుస్తకం ఇవాళే మొదలుపెట్టండి. అట్ట మీద పిల్లల చేతే పేరు రాయించండి.

2. పది నిమిషాల ప్రయోగం ఒకటి, రాత్రి ప్రయోగం ఒకటి ఎంచుకోండి. రెండు చాలు.

3. మొదటి గడిలో మీ ఊహ కూడా రాయండి. మీ ఊహ తప్పితే పిల్లల ముందే ఒప్పుకోండి. తప్పును హాయిగా ఒప్పుకోవడం వాళ్లు మన దగ్గరే నేర్చుకోవాలి.

4. వారంలో పిల్లలు అడిగిన ఒక ప్రశ్నకు, జవాబు నాలుక చివరిదాకా వచ్చినా, చెప్పకుండా ఒక రోజు ఆగండి.

5. వారం చివర మూడో గడి చదవండి. మీకు కూడా జవాబు తెలియని ప్రశ్న ఒకటి అక్కడ దొరుకుతుంది. దాన్ని గుండ్రంగా చుట్టండి. వచ్చే ఆదివారం వంటింట్లో మీ ఇద్దరి పని అదే.